కొడుకులు లేని రాజులు

ఆల్ప్స్ పర్వతాల నడుమ బ్రిక్సెన్ అనే చిన్న రాజ్యాన్ని 1027 నుంచి 1803 దాకా బిషప్పులే ఏలారు. ప్రార్థన చేయించిందీ, సుంకం వసూలు చేసిందీ, తీర్పు చెప్పిందీ ఆ ఒక్క గద్దె మీద కూర్చున్నవారే. ఆ ఏలుబడి ఎందుకు పుట్టింది? ఎవరికి మేలు చేసింది? ఎవరికి బరువైంది?

1027 ఈస్టర్ పండుగనాడు రోమ్‌లో పోప్ చేతుల మీదుగా రెండో కాన్రాడ్‌కు చక్రవర్తిగా పట్టాభిషేకం జరిగింది. కిరీటం పెట్టుకుని జర్మనీకి బయల్దేరాడు. ఇటలీకీ జర్మనీకీ మధ్య ఆల్ప్స్ పర్వతాలు అడ్డం. వాటిని దాటడానికి కనుమలు చాలానే ఉన్నా, సేనతో, బండ్లతో, గుర్రాలతో వెళ్లడానికి బ్రెన్నర్ కనుమంత వీలైనది లేదు. దాని ఎత్తు సుమారు 1,370 మీటర్లు. పడమటి వైపున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఎత్తు 2,469 మీటర్లు. ఆ రోజుల్లో జర్మనీ రాజు చక్రవర్తి కావాలంటే రోమ్ వెళ్లి తీరాలి. బ్రెన్నర్ దారి శత్రువు చేతిలో పడిందంటే కిరీటం మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ దారిలో ఒక ముఖ్యమైన భాగం వెల్ఫ్ అనే కౌంటు ఏలుబడిలో ఉండేది. అతను రాజు మీద తిరగబడ్డవాళ్లతో చేతులు కలిపాడు. కాన్రాడ్ ఆ సీమను అతని నుంచి లాక్కున్నాడు. లాక్కోవడం తేలికే. మరి ఎవరికివ్వాలి? ఇంకో ప్రభువుకిస్తే అతనికి కొడుకులుంటారు, ఆ కొడుకులకు మళ్లీ కొడుకులు. రాజు దయతో వచ్చిన భూమి మూడో తరానికల్లా తాతల ఆస్తి అయిపోతుంది. అప్పుడు రాజుకే ఎదురుతిరుగుతారు. వెల్ఫ్ చేసింది అదే.

కాన్రాడ్ ఆ సీమలను బిషప్పులకిచ్చాడు. మే 31న దక్షిణాన ఉన్న ట్రెంటో బిషప్ రెండో ఉడాల్రిక్‌కు, జూన్ 7న బ్రిక్సెన్ బిషప్ హార్ట్‌విగ్‌కు దానపత్రాలు రాయించాడు. బిషప్ బ్రహ్మచారి. చట్టం ఒప్పుకునే వారసుడు ఆయనకుండడు. ఆయన కన్నుమూస్తే గద్దె ఖాళీ అవుతుంది, తర్వాత ఎవరు కూర్చోవాలో తేల్చడంలో రాజు మాట చెల్లుతుంది. పైగా బిషప్‌కు చదువొచ్చు, లెక్కలు రాసే గుమస్తాలు ఆయన కొలువులోనే ఉంటారు, చర్చి భయం జనానికి ఎలాగూ ఉంది. ఇంత నమ్మకమైన పాలకుడు రాజుకు ఇంకెక్కడ దొరుకుతాడు?

ఈ ఉపాయం కాన్రాడ్ ఒక్కడిదే అనుకోనక్కర్లేదు. 999లో బర్గండీ రాజు మూడో రుడాల్ఫ్ రోన్ నది లోయను సియోన్ బిషప్‌కు అప్పగించాడు. స్విట్జర్లాండ్ తూర్పు కనుమల దగ్గర కూర్ బిషప్పులు ప్రభువులయ్యారు. ఆల్ప్స్ పటం ముందేసుకుని పెద్ద కనుమల కింద ఉన్న ఊళ్లను చూడండి. ఒకటి తప్పితే ఒకటి బిషప్ ఏలిన ఊరు తగులుతుంది. వీటన్నింటిలో బ్రిక్సెన్‌నే ఎంచుకోవడానికి నాకో కారణముంది. ఈ ఏర్పాటులో ఉన్న బలం, లోపం, క్రూరత్వం, అక్కడక్కడా మెరిసిన న్యాయబుద్ధి, అన్నీ ఇంత చిన్న చోట ఇంత స్పష్టంగా కనబడేది ఇక్కడే.

రెండు నదులు, ఒక ఊరు

బ్రిక్సెన్ ఇప్పుడు ఇటలీలో ఉంది. ఇటాలియన్‌లో దాని పేరు బ్రెస్సానోనె. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాలో ఉండేది కాబట్టి ఊళ్లో ఎక్కువమంది మాట్లాడేది నేటికీ జర్మనే. పక్క లోయల్లో లాదిన్ అనే పాత భాష బతికే ఉంది. ఐసాక్, రియెంజ్ నదులు కలిసేచోట ద్రాక్షతోటల నడుమ ఊరు. ఉత్తరాన బ్రెన్నర్ కనుమ, తూర్పుకు పుస్టర్ లోయ దారి. రెండు దారులూ కలిసే కూడలి అన్నమాట.

బిషప్ పీఠం మొదట ఇక్కడ లేదు. కొంచెం దక్షిణాన క్లౌజెన్ ఊరి మీద నిట్టనిలువుగా లేచిన జేబెన్ అనే కొండ మీద ఉండేది. 901లో లూయీ అనే బాలరాజు ఇప్పటి బ్రిక్సెన్ ఉన్న భూమిని జేబెన్ బిషప్ జకరియాకు రాసిచ్చాడు. తర్వాత పీఠం కొండ దిగి లోయలోకొచ్చింది. 1027 దానంతో ఆ పీఠం రాజ్యమైంది. 1091లో చక్రవర్తి నాలుగో హెన్రీ పుస్టర్ లోయను కూడా చేర్చాడు. 1179లో ఫ్రెడరిక్ బార్బరోసా సుంకాలు, సంతలు, న్యాయస్థానం వంటి రాచహక్కులు కట్టబెట్టాడు. అప్పటి నుంచి బ్రిక్సెన్ బిషప్ సామ్రాజ్య ప్రభువుల్లో ఒకడు.

ఇంత చిన్న ఊరు యూరప్ రాజకీయాల్లో ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. బ్రిక్సెన్ బిషప్ పోప్పో 1048లో రెండో డమాసస్ పేరుతో పోప్ అయ్యాడు. ఇరవై మూడు రోజులకే చనిపోయాడు. 1080లో నాలుగో హెన్రీ తనతో తలపడిన పోప్ ఏడో గ్రెగరీని దించేసి, ఆయనకు పోటీగా ఇంకో పోప్‌ను నిలబెట్టాలనుకున్నప్పుడు, తన వైపు బిషప్పులందరినీ కూడగట్టింది బ్రిక్సెన్‌లోనే. జర్మనీ వాళ్లకూ ఇటలీ వాళ్లకూ నడిమధ్యలో ఉన్న ఊరు కదా.

ఇక్కడ పాఠకులు ఒక తేడా గుర్తుంచుకోవాలి. బిషప్ మతాధికారం నడిచే ప్రాంతం, అంటే మేత్రాసనం, చాలా పెద్దది. ఉత్తరాన ఇన్స్‌బ్రుక్ కూడా అందులోదే. ఆయన రాజుగా ఏలిన నేల మాత్రం చిన్నది, అదీ ముక్కలుముక్కలు. బ్రిక్సెన్, క్లౌజెన్, బ్రూనెక్ ఊళ్లు, ఫాస్సా లోయ, బూఖెన్‌ష్టైన్ కొండసీమ. చివరి రోజుల్లో మొత్తం కలిపినా సుమారు 900 చదరపు కిలోమీటర్లు, జనం పాతికవేల పైచిలుకు. బ్రూనెక్ పేరే పదమూడో శతాబ్దంలో ఆ ఊరు కట్టించిన బిషప్ బ్రూనో పేరు మీద వచ్చింది. బూఖెన్‌ష్టైన్ కొండల్లో ఇనుప గనులుండేవి. ఆ ఇనుముకు కత్తులు చేసేవాళ్ల దగ్గర మంచి గిరాకీ. సువార్త చెప్పే పీఠానికి ఆదాయం తెచ్చిన వాటిలో కత్తుల ఇనుము ఒకటి.

పెరటి దారిన వచ్చిన వారసులు

కాన్రాడ్ లెక్కలో ఒక లొసుగుంది. చర్చి మనిషి రక్తం కళ్లజూడకూడదని నియమం. మరి రాజ్యమన్నాక దొంగకు ఉరి వేయాలి, హద్దుల దగ్గర పోరాడాలి. దీనికోసం బిషప్ తన తరఫున ఒక గృహస్థ ప్రభువును పెట్టుకునేవాడు. అతన్ని ఫోగ్ట్ అనేవారు. బిషప్ పేరు మీద కత్తి పట్టేదీ, మరణశిక్షలు అమలుచేసేదీ అతనే. దానికి ప్రతిఫలంగా రాబడిలో వాటా.

ఫోగ్ట్ బ్రహ్మచారి కాడు. అతనికి కొడుకులుంటారు. పదవి తండ్రి నుంచి కొడుక్కి పోసాగింది. కాలక్రమాన బ్రిక్సెన్, ట్రెంటో రెండింటి ఫోగ్ట్ పదవులూ టిరోల్ కౌంటుల ఇంట చేరాయి. పదమూడో శతాబ్దపు రెండో సగంలో రెండో మైన్‌హార్డ్ అనే టిరోల్ కౌంటు బిషప్పుల కోటలు, సుంకపు ఠాణాలు, కోర్టులు ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయాడు. కాపలాకు పెట్టినవాడే ఇంటి యజమాని అయ్యాడు. టిరోల్ అన్న దేశం పుట్టిందే బిషప్పుల రాజ్యాల్లోంచి కోసుకున్న భూములతో. 1363లో ఆ టిరోల్ ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశానికి దక్కింది. ఇక బిషప్ ఎవరైనా హాబ్స్‌బర్గ్‌ల కనుసన్నల్లో మెలగాల్సిందే.

దీనికి తోడు ఇంట్లో ఇంకో పక్షం. బిషప్‌ను ఎన్నుకునే హక్కు కథెడ్రల్ మండలిది. అందులో ఉండేది ఎక్కువగా కులీన కుటుంబాల చిన్న కొడుకులు. ఎన్నికకు ముందు అభ్యర్థి చేత షరతులు రాయించుకునేవారు. మా ఆదాయం ముట్టుకోకు, మమ్మల్ని అడగకుండా అప్పు చేయకు, ఫలానా కోట ఫలానావారికే. తండ్రి గద్దె కొడుక్కి వచ్చే చోట ఇలా మొదటికి వచ్చి బేరమాడే పని ఉండదు. ఇక్కడ గద్దె ఖాళీ అయిన ప్రతిసారీ కొత్త బేరమే, ప్రతి బేరంలోనూ బిషప్ చేతిలోంచి ఏదో ఒకటి జారిపోయేది. వారసుడు లేకపోవడం వల్లే ఈ రాజ్యం పుట్టింది, వారసుడు లేకపోవడం వల్లే రోజురోజుకూ కరిగింది. బ్రిక్సెన్ చరిత్రంతా నాకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగినట్టు కనిపిస్తుంది.

దస్తావేజులు చదివిన తత్త్వవేత్త

పోయిన అధికారాన్ని తిరిగి రాబట్టాలని గట్టిగా పూనుకున్నవాడు నికోలస్ ఆఫ్ క్యూసా. పదిహేనో శతాబ్దపు యూరప్‌లో ఆయనంత పదునైన బుర్ర అరుదు. మోజెల్ నది ఒడ్డున క్యూస్ అనే పల్లెలో 1401లో పుట్టాడు. గణితం, న్యాయశాస్త్రం, తత్త్వం, ఖగోళం అన్నీ చదివాడు. మనిషి ఎంత తెలుసుకున్నా సత్యం పూర్తిగా చేతికి చిక్కదనీ, ఆ సంగతి ఎరిగి ఉండటమే జ్ఞానమనీ 1440లో పుస్తకం రాశాడు.

1450లో పోప్ ఐదో నికోలస్ ఆయన్ను బ్రిక్సెన్ బిషప్‌గా నియమించాడు. అక్కడే చిక్కొచ్చింది. కథెడ్రల్ మండలి అప్పటికే టిరోల్ డ్యూకు సిగ్మండ్ మనిషి లియోన్‌హార్డ్ వీస్‌మాయర్‌ను ఎన్నుకుంది. రోమ్ పంపినవాణ్ని ఊరు మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు.

1452లో వచ్చిన క్యూసా ముందు చేసిన పని పాత దస్తావేజుల పెట్టెలు తెరిపించడం. 1027 నాటి దానపత్రం మొదలు ఒక్కో కాగితం చదివాడు. చదివాక తేల్చింది ఇదీ: ఈ సీమకు అసలు ప్రభువు బిషప్, టిరోల్ డ్యూకు ఆయన కింద ఫోగ్ట్ మాత్రమే. కాగితం ప్రకారం అది నిజం కావచ్చు. కాని నాలుగు వందల ఏళ్లలో కాగితానికీ నేలకూ పొంతన లేకుండా పోయింది. సైన్యం డ్యూకుది, వెండి గనుల రాబడి డ్యూకుది, బిషప్ చేతిలో ఉన్నవి ముద్రలు.

మొదటి తగవు పుస్టర్ లోయలోని జోనెన్‌బుర్గ్ మఠంతో. అక్కడి సన్యాసినులంతా కులీన కుటుంబాల ఆడపడుచులు. మఠాధ్యక్షురాలు వెరెనా ఫాన్ ష్టూబెన్. నియమాలు కఠినంగా పాటించాలని, గడప దాటి తిరగకూడదని క్యూసా ఆజ్ఞ. మా హక్కులు డ్యూకు చూసుకుంటాడు, నీకేం పనని వెరెనా జవాబు. ఆయన వెలివేశాడు. ఆ మఠానికి కౌలు కట్టవద్దని రైతులకు చెప్పాడు. మఠం దగ్గర డబ్బు నిండుకుంది. 1458 ఏప్రిల్‌లో వెరెనా కిరాయి సైనికుల్ని పెట్టి ఎన్నెబెర్గ్ రైతుల దగ్గరికి వసూలుకు పంపింది. బిషప్ సేనాధిపతి గాబ్రియేల్ ప్రాక్ మాటువేసి వాళ్లమీద పడ్డాడు. యాభైమందికి పైగా కిరాయి సైనికులు చచ్చారు. కొండ పల్లెలో కౌలు ధాన్యం దగ్గర మొదలైన గొడవ అది.

అప్పటికే క్యూసా ప్రాణభయంతో బ్రిక్సెన్ వదిలి, బూఖెన్‌ష్టైన్‌లో రాతిబండ మీద కట్టిన ఆండ్రాజ్ కోటలో తలదాచుకున్నాడు. 1460 ఈస్టర్ వేళ బ్రూనెక్‌లో ఉండగా సిగ్మండ్ సేనతో చుట్టుముట్టాడు. అడిగినవన్నీ రాసిచ్చి బయటపడి ఇటలీకి వెళ్లిపోయాడు. పోప్ సిగ్మండ్‌ను వెలివేశాడు. సిగ్మండ్ లెక్కచేయలేదు. 1464లో క్యూసా తోడి పట్టణంలో చనిపోయాడు. బ్రిక్సెన్ గడప మళ్లీ తొక్కలేదు.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతిలో పడిందన్న వార్త విని, బ్రిక్సెన్ బిషప్‌గా ఉన్న ఆ రోజుల్లోనే, మతాల మధ్య శాంతి గురించి ఈయన ఒక పుస్తకం రాశాడు. అందులో గ్రీకు, అరబ్బు, యూదుడు, తుర్కు, పారశీకుడు, అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్లలో ఒక భారతీయుడు కూడా ఉన్నాడు. విగ్రహారాధన సంగతేమిటని అతను అడుగుతాడు. ఆచారాలు వేరైనా వెతుకులాట ఒక్కటేనన్న దారిలో ఆ చర్చ సాగుతుంది. ఇంత విశాలంగా ఆలోచించినవాడు పక్క లోయలోని ఒక మఠంతో సంధి చేసుకోలేకపోయాడు. మనిషి చెడ్డవాడు కాడు, పట్టుదల గలవాడు. ఆత్మల కాపరికి ఓపిక ఉండాలి, కౌలు వసూలు చేసే ప్రభువుకు మొండితనం ఉండాలి. ఆ రెండు పనులూ ఒకే మనిషికి అప్పగిస్తే ఓపికే ముందు పోతుంది.

ఇద్దరు బిషప్పులు, రెండు విచారణలు

కోర్టు కూడా బిషప్ చేతిలోనే ఉన్నప్పుడు ఏం జరగొచ్చో ట్రెంటో, బ్రిక్సెన్‌లలో పదేళ్ల తేడాతో జరిగిన రెండు విచారణలు చెబుతాయి.

1475 ఈస్టర్ సమయంలో ట్రెంటోలో సైమన్ అనే పసివాడి శవం దొరికింది. యూదులు తమ ఆచారం కోసం చంపారని పుకారు లేచింది. ప్రభువు బిషప్ యోహానెస్ హిండర్‌బాఖ్. ఊళ్లోని యూదుల్ని పట్టి చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. మగవాళ్లకు మరణశిక్షలు వేశారు. పోప్ పంపిన విచారణాధికారి బట్టిస్తా దె జూదిచి ఈ విచారణను తప్పుపట్టాడు. హిండర్‌బాఖ్ వెనక్కి తగ్గలేదు, పైగా ఆ బిడ్డను పుణ్యాత్ముడిగా పూజించే సంప్రదాయాన్ని పెంచి పోషించాడు. అచ్చుయంత్రం కొత్తగా వచ్చిన కాలం. ఈ అబద్ధం బొమ్మలతో సహా అచ్చయి యూరప్ అంతటా తిరిగింది. 1965లో గానీ చర్చి ఆ పూజను రద్దు చేయలేదు. ఒక బిషప్ సంతకం చేసిన అబద్ధం 490 ఏళ్లు బతికింది.

పదేళ్ల తర్వాత, 1485లో, హైన్‌రిఖ్ క్రామర్ అనే డొమినికన్ సన్యాసి మంత్రగత్తెల్ని పట్టుకుంటానంటూ పోప్ ఉత్తర్వుతో ఇన్స్‌బ్రుక్ వచ్చాడు. ఇన్స్‌బ్రుక్ బ్రిక్సెన్ మేత్రాసనంలోది. బిషప్ గెయార్గ్ గోల్సర్. క్రామర్ ఏడుగురు ఆడవాళ్లను నిందితులుగా నిలబెట్టాడు. వాళ్లలో హెలెనా షోయ్‌బెరిన్ అనే పౌరుడి భార్య ఒకతె. ఆమె వీధిలో అతన్ని ముఖం మీదే తిట్టింది, అతని ప్రసంగాలకు వెళ్లొద్దని నలుగురికీ చెప్పింది. అక్టోబరులో విచారణ మొదలయ్యాక క్రామర్ ఆమె పడకగది సంగతులు అడగడం మొదలెట్టాడు. ఇవి ఈ కేసుకు సంబంధం లేని ప్రశ్నలని బిషప్ ప్రతినిధి అక్కడికక్కడే అడ్డుకున్నాడు. ఆడవాళ్ల తరఫున వాదించడానికి న్యాయవాది వచ్చాడు. విచారణ పద్ధతి ప్రకారం సాగలేదని తేల్చి అందర్నీ విడిచిపెట్టారు.

క్రామర్ ఊరు కదల్లేదు. గోల్సర్ అతనికి నేరుగా ఉత్తరం రాశాడు, నీ మఠానికి నువ్వు వెళ్లిపో అని. ఇంకొకరికి రాసిన ఉత్తరంలో, ఇతనికి ముసలితనం వల్ల చిన్నపిల్లల బుద్ధి వచ్చిందన్న అభిప్రాయం చెప్పాడు. ఈ అవమానంతో రగిలిపోయిన క్రామర్ వెళ్లి మంత్రగత్తెల వేటకు కైపుస్తకమైన ‘మాలెయుస్ మాలెఫికారుమ్’ రాశాడు. ఆ పుస్తకం తర్వాత రెండు వందల ఏళ్లు ఎంతమంది ఆడవాళ్ల ఉసురు పోసుకుందో చెప్పడం కష్టం. ఆ మనిషిని మొదట గడప దాటించినవాడు గోల్సర్. క్యూసా పేరు తత్త్వశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. గోల్సర్ పేరు ఎవరికీ తెలియదు. బ్రిక్సెన్ బిషప్పుల్లో నేను చేతులెత్తి మొక్కేది ఆయనకే.

గుమస్తా తిరగబడ్డాడు

1525 మే 9. పీటర్ పేస్లర్ అనేవాణ్ని శిక్ష అమలుకు బ్రిక్సెన్ వీధిలోకి తీసుకొచ్చారు. బిషప్ అధికారులు తన కుటుంబపు హక్కు లాక్కున్నారని పేస్లర్ ఏళ్లుగా వాళ్లతో పోరాడుతున్నాడు. సాయుధులైన రైతులు దూసుకొచ్చి అతన్ని విడిపించారు. ఆ వెంటనే వేలమంది పోగై ఊరి పక్కనే ఉన్న నోయ్‌స్టిఫ్ట్ మఠాన్ని కొల్లగొట్టారు. కౌలు పుస్తకాలు ఎక్కడ దొరికితే అక్కడ చించిపారేశారు. జర్మనీ అంతటా రైతులు లేచిన ఏడాది అది.

వాళ్లు నాయకుడిగా ఎన్నుకున్నది మైకేల్ గైస్‌మైర్‌ను. అతను నాగలి పట్టినవాడు కాదు, సాక్షాత్తూ బిషప్ సెబాస్టియన్ ష్‌ప్రెంజ్ కార్యదర్శి. ఏ ఊరి నుంచి ఎంత దశమభాగం వస్తుందో, ఏ అర్జీ ఏ మూల పడి ఉందో ఎరిగిన గుమస్తా. బయటి మనిషికి బిషప్ రాజ్యం గంటల మోత, ధూపం, ఊరేగింపు. గైస్‌మైర్‌కు అది పద్దుల పుస్తకం.

తిరుగుబాటు అణిగాక అతన్ని ఇన్స్‌బ్రుక్‌కు పిలిపించి ఖైదు చేశారు. తప్పించుకుని స్విట్జర్లాండ్ చేరాడు. అక్కడ 1526లో టిరోల్ కోసం ఒక రాజ్యాంగం లాంటిది రాశాడు. అందరూ సమానమని చెప్పడానికి పట్నాల చుట్టూ ఉన్న కోటగోడలు కూల్చేయాలన్నాడు. మఠాలను ఆసుపత్రులు చేయాలి. దశమభాగంలో బోధకుడి పోషణకు పోను మిగిలింది పేదలకు చెందాలి. ఫుగ్గర్ల వంటి షావుకార్ల చేతిలో ఉన్న గనులు దేశానివి కావాలి. అధికారుల్ని జనమే ఎన్నుకోవాలి. ఇంకో మాట కూడా రాశాడు. కొత్త ప్రభుత్వానికి రాజధాని బ్రిక్సెన్ కావాలని, అక్కడ ఒక విద్యాపీఠం పెట్టాలని. బిషప్‌ను వద్దన్నాడే గాని ఊరిని వదులుకోలేదు.

1532 ఏప్రిల్‌లో పాదువాలోని తన ఇంటి దగ్గరే గైస్‌మైర్ హత్యకు గురయ్యాడు. తల మీద వెల కట్టి ఉంది. మూడేళ్లకు, యుద్ధం వద్దు, ఆస్తి అందరిదీ ఒక్కటే అని బోధించిన యాకోబ్ హుటర్‌ను బిషప్ ఊరైన క్లౌజెన్‌లో పట్టుకుని, 1536లో ఇన్స్‌బ్రుక్‌లో సజీవంగా తగలబెట్టారు. అతని అనుయాయుల వారసులు హుటరైట్లు ఇప్పటికీ కెనడా, అమెరికాల్లో ఉమ్మడి ఆస్తితో వ్యవసాయం చేసుకుంటున్నారు.

ఏనుగు వచ్చిన శీతాకాలం

బ్రిక్సెన్ కథెడ్రల్ పక్కన చతురస్రంగా ఒక వసారా ఉంది. కమాను కింద కమాను, ప్రతి కమాను లోపలా కుడ్యచిత్రాలు. 1470 ప్రాంతంలో లియోన్‌హార్డ్ అనే స్థానిక చిత్రకారుడు అక్కడ ఒక యుద్ధ ఏనుగును గీశాడు. జన్మలో ఏనుగును చూడలేదు పాపం. గుర్రం ఒళ్లు, గుర్రం కాళ్లు వేసి, మూతికి బూరాలాంటి గొట్టం తగిలించాడు. వీపు మీద కోట, అందులో సైనికులు. విని గీసిన బొమ్మ, ఎంతో శ్రద్ధగా గీసిన బొమ్మ.

సుమారు ఎనభై ఏళ్లకు నిజం ఏనుగే ఊళ్లోకి వచ్చింది. పోర్చుగీసువాళ్లు తూర్పుదేశాల నుంచి ఓడలో తెచ్చిన ఆసియా ఏనుగు అది. పేరు సులేమాన్. పోర్చుగల్ రాజు మూడో జోవావ్ దాన్ని హాబ్స్‌బర్గ్ యువరాజు మాక్సిమిలియన్‌కు కానుకగా ఇచ్చాడు. స్పెయిన్ నుంచి ఓడలో జెనోవా, అక్కడి నుంచి నడక. 1551 డిసెంబరులో ట్రెంటో చేరేసరికి అక్కడ కేథలిక్ చర్చి మహాసభ జరుగుతోంది. లూథర్ తిరుగుబాటుకు జవాబు వెతకడానికి 1545లో మొదలై, ఆగి ఆగి 1563 దాకా సాగిన ఆ సభకు ట్రెంటోను ఎంచుకోవడానికి కారణం, అది చక్రవర్తి ఏలుబడిలోనూ ఉంది, ఇటలీ గుమ్మంలోనూ ఉంది. ఇరుపక్షాలకూ అభ్యంతరం లేని చోటు. సభకు ఆతిథ్యమిచ్చిన కార్డినల్ క్రిస్టోఫొరో మద్రుజో అప్పుడు ట్రెంటోకూ బ్రిక్సెన్‌కూ రెండింటికీ బిషప్. అంటే ఆ ఏనుగు నడిచింది ఆయన రెండు రాజధానుల మీదుగా.

మంచులో బ్రెన్నర్ ఎక్కే ముందు సులేమాన్ దాదాపు రెండు వారాలు బ్రిక్సెన్ సత్రంలో సేదతీరింది. లోయలన్నీ కదిలి చూడ్డానికి వచ్చాయి. సత్రం యజమాని గోడ మీద దాని బొమ్మ వేయించాడు. ఆ సత్రం నేటికీ ‘ఎలెఫెంట్’ పేరుతోనే హోటల్‌గా నడుస్తోంది. 1552 మార్చిలో వియన్నా చేరిన సులేమాన్ చలిదేశంలో ఎక్కువ కాలం బతకలేదు, 1553 డిసెంబరులో చనిపోయింది. పోర్చుగీసు రచయిత జోసె సరమాగో దాని ప్రయాణం మీదే 2008లో నవల రాశాడు.

గద్దె దిగిన వేళ

బిషప్ నివాసం హోఫ్‌బుర్గ్‌లో నడిమి పెరడు చుట్టూ మూడు అంతస్తుల వసారాలు. గూళ్లలో నిలువెత్తు టెర్రకోట విగ్రహాలు, 1600 ప్రాంతంలో హాన్స్ రైఖ్‌లె చేసినవి. బిషప్ ఇల్లు కదా, పునీతులో పూర్వ బిషప్పులో అనుకుంటాం. అందరూ హాబ్స్‌బర్గ్ వంశస్థులు! చేయించిన కార్డినల్ ఆండ్రియాస్ స్వయంగా ఆ వంశపు బిడ్డ. పీఠం ఎవరి గుప్పిట్లో ఉందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. కథెడ్రల్‌ను కొత్తగా కట్టారు, పౌల్ ట్రోగర్ చేత పైకప్పు నిండా చిత్రాలు వేయించారు. పొరుగున ఇంతకన్నా ఎంతో పెద్దదైన సాల్జ్‌బర్గ్ బిషప్ రాజ్యం మాత్రం 1731లో లూథర్ మతస్థులైన తన ప్రజల్ని ఇరవై వేల దాకా చలికాలంలో ఊళ్లు వదిలి పొమ్మంది. అర్ధ శతాబ్దం తర్వాత అదే కొలువులో ఉద్యోగం నచ్చక మొజార్ట్ బయటికొచ్చేశాడు.

నెపోలియన్ కాలంలో రైన్ పడమటి ఒడ్డు ఫ్రాన్స్ పాలైంది. అక్కడ భూములు పోగొట్టుకున్న జర్మన్ ప్రభువులకు నష్టపరిహారం కావాలి. దానికి బిషప్ రాజ్యాలు పనికొచ్చాయి. వాటి కోసం పోరాడే వంశం లేదు, పెళ్లి సంబంధాలతో అండగా నిలిచే మామలు, బావమరుదులు లేరు. 1803 ఫిబ్రవరి 25 తీర్మానంతో దాదాపు అన్నీ రద్దయ్యాయి. బ్రిక్సెన్, ట్రెంటో ఆస్ట్రియాకు పోయాయి. ఆనాడు కాన్రాడ్‌కు నచ్చిన గుణమే ఇప్పుడు వీటిని దిక్కులేనివి చేసింది.

బ్రిక్సెన్ చివరి ప్రభువు బిషప్ కార్ల్ ఫ్రాంజ్ ఫాన్ లొడ్రోన్. రాజ్యం పోయింది, పీఠం మిగిలింది. 1828లో చనిపోయేదాకా బిషప్‌గానే ఉన్నాడు. ఆయన ఆ కాలంలో ప్రోబ్స్ట్ కుటుంబానికి చెందిన శిల్పుల చేత చెక్కించిన బొమ్మలు హోఫ్‌బుర్గ్ మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. ఐదు వేలకు పైచిలుకు చిన్న చిన్న చెక్కబొమ్మలు. యేసు పుట్టుక ఒక్కటే కాదు, ఏడాది పొడవునా వచ్చే పండుగలకు ఏ ఘట్టానికి ఆ ఘట్టం పేర్చుకునేలా చేయించాడు. మన ఇళ్లలో దసరాకు పెట్టే బొమ్మల కొలువు లాంటిదే, కాకపోతే పన్నెండు నెలలకూ సరిపడా. గొర్రెల కాపరులు, సంతలో అమ్మేవాళ్లు, సైనికులు, ఏడుస్తున్న తల్లులు, ఒక్కో ముఖం ఒక్కో తీరు. పాతికవేల మంది నిజం ప్రజలు చేజారిన మనిషి వీళ్లను ఇంత ప్రేమగా చేయించాడు. రాజుగా ఆయన చేసిన ఏ పనీ జనానికి గుర్తులేదు. వీటిని చూడ్డానికి ఇప్పటికీ వస్తున్నారు.

‘ప్రభువు’ అన్న బిరుదు మాత్రం పేరు ముందు అలాగే ఉండిపోయింది. 1951లో పన్నెండో పయస్ కాలంలో రోమ్ దాన్ని తీసేసింది. 1964లో పీఠమే బోల్జానో నగరానికి తరలిపోయింది.

ఆల్ప్స్‌లో ఈ కథ అలా ముగిసినా, యూరప్‌లో ఇంకోచోట ఒక బిషప్ నేటికీ దేశాధినేతగా ఉన్నాడు. ఫ్రాన్స్, స్పెయిన్ నడుమ పిరనీస్ పర్వతాల్లో అండోరా. 1278లో ఉర్జెల్ బిషప్, ఫువా కౌంటు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆ దేశానికి ఇద్దరు ప్రభువులు. కౌంటు హక్కు చేతులు మారి ఫ్రాన్స్ అధ్యక్షుడికి దక్కింది, బిషప్ హక్కు బిషప్ దగ్గరే ఉంది. 1993 రాజ్యాంగంతో పాలన అంతా అండోరా జనం ఎన్నుకున్న పార్లమెంటు చేతికొచ్చింది. బిషప్ సంతకం ఇంకా ఉంది గాని, గైస్‌మైర్ అడిగిన మేరకు అధికారం వాళ్లకు దక్కింది. ఆ ఇద్దరు ప్రభువుల్లో ఒకరిని ఫ్రాన్స్ ఓటర్లు ఎన్నుకుంటారు, ఇంకొకరిని పోప్ నియమిస్తాడు. ఆ రెండు పదవుల విషయంలో మాత్రం అండోరా పౌరులకు ఈనాటికీ ఓటు లేదు.